పందొమ్మిది రోజులు బతికిన దూడ

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి బయటికెళ్ళిపోయే రకం. భయపడి కాదు, విసుగొచ్చి. నాది రైల్వేలో సిగ్నళ్ళ పని. దీపం వెలగలేదంటే ఎక్కడో తీగ తెగిందన్నమాట. ఓపిగ్గా వెతికితే ఆ తెగిన చోటు దొరుకుతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో దొరకని రోజు ఒక్కటీ లేదు. మనుషుల సంగతులు కూడా అంతేనని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను, ఒక్క విషయంలో తప్ప.

ఆ ఒక్క విషయం 1980లో రాయ్‌పూర్‌లో, మా ఇంట్లోనే జరిగింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు మేము చేసిన తప్పు చెప్పాలి. అందుకని ఆగిపోయాను.

మాది విజయనగరం పక్క. నాన్న రైల్వేలో ఫిట్టరుగా చేరి రాయ్‌పూర్ వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడి రైల్వే కాలనీ క్వార్టర్లోనే. అన్నయ్యకి గూడ్సు బళ్ళ మీద డ్యూటీ, వెళ్తే రెండు మూడు రోజులకి గానీ వచ్చేవాడు కాదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఐటీఐ అయిపోయి, అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇంటిపట్టునే ఉండేవాణ్ణి.

మా వదిన పేరు సత్యవతి. పెళ్ళై అప్పటికి ఏడాది. వాళ్ళ నాన్నకి బొబ్బిలి బజార్లో కుట్టుపని. పశువుల దగ్గరికి ఎప్పుడూ వెళ్ళిన మనిషి కాదు. హిందీ ఒక్క ముక్క రాదు. కూరగాయల బండివాడు వస్తే "సూర్యం, కాస్త వచ్చి మాట్లాడవా" అని నన్ను పిలిచేది. నాకంటే రెండేళ్ళే పెద్ద. నవ్వితే ఆపుకోలేకపోయేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేది.

క్వార్టరు వెనక రేకుల పాకలో మాకొక ఆవు ఉండేది. పేరు గౌరి. అమ్మకి ప్రాణం. కాలనీలో ఆవులన్నిటినీ మేతకి తోలుకెళ్ళే బుధరామ్ అనే మనిషి పొద్దున్నే వచ్చి దాన్ని విప్పుకుపోయి, సాయంత్రం తెచ్చి వదిలేవాడు.

ఆ ఏడు మాఘమాసంలో సూర్యగ్రహణం పట్టింది. పట్టపగలు కాలనీ అంతా తలుపులు బిగించుకుంది. నేను, నా స్నేహితులు మాత్రం పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క పట్టుకుని మేడ మీదెక్కి చూశాం. బుధరామ్ ఆవుల్ని ముందే ఇళ్ళకి తోలేశాడట గానీ, గౌరి పాకలోకి రాకుండా మైదానం అవతల కుళాయి దగ్గర నిలబడిపోయింది. అమ్మ కిటికీ సందులోంచి చూసి, "ఒలే సత్యా, బేగి ఎల్లి దాన్ని తోలుకురా" అని వదినని పంపింది.

వదిన వెళ్ళి గౌరిని తోలుకొచ్చింది. పది నిమిషాల పని. అప్పటికే వదిన కడుపుతో ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, వదినకే ఇంకా ఖాయంగా తెలీదు. గౌరి కూడా చూడి కట్టి ఉంది. ఇవన్నీ తరవాత నెలలు లెక్కేసుకుంటే తేలిన సంగతులు.

పై పెదవి చీలి పుట్టిన పిల్లల్ని మనవైపు గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉండి గ్రహణం నీడలో తిరిగితే అలా పుడతారని పెద్దవాళ్ళ మాట. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదని డాక్టర్లు అంటారు. నేను డాక్టర్ల మాటే నమ్ముతాను. ఇది ముందే చెప్పడం మంచిది.

సెప్టెంబరు ఆఖర్లో వదినకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో కాన్పు కష్టమై ఆపరేషను చేశారు. అన్నయ్య లైను మీద ఉన్నాడు, కబురు అందలేదు. వరండాలో నేను, అమ్మ, నాన్న. పొద్దున్న పదకొండింటికి నర్సు పిల్లాణ్ణి తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టింది. అమ్మ ఒక్కసారి చూసి, గుడ్డ మళ్ళీ ముఖం మీదకి లాగేసింది.

పై పెదవి ముక్కు దాకా చీలిపోయి ఉంది. నోరు తెరిస్తే లోపల అంగిలి లేదు. మిగతా అంతా బంగారం లాంటి పిల్లాడు. కళ్ళు వదినవే.

భయపడొద్దంది నర్సు. కాస్త పెద్దయ్యాక కుట్టొచ్చని, అందాకా పాలు పట్టి బతికించుకోవడమే పనని చెప్పింది. ఎలా పట్టాలో కూడా చేసి చూపించింది. పడుకోబెట్టకూడదు, ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. చెంచా అంచు బుగ్గ లోపలికి ఆనించి ఒక్కొక్క చుక్కే జార్చాలి. మింగేదాకా ఆగాలి. ముక్కులోంచి పాలొస్తే తుడిచి, ముందుకి వంచి, మెడ వెనక రెండు వేళ్ళతో కింది నుంచి పైకి రాయాలి. ఇదంతా హిందీలోనే చెప్పింది. అమ్మకి హిందీ బాగా వచ్చు.

అమ్మ ప్రయత్నించింది. రెండు చెంచాలు పట్టింది. రెండోది పట్టగానే పాలు ముక్కులోంచి వచ్చేశాయి, పిల్లాడు ఉక్కిరిబిక్కిరై నీలంగా మారిపోయాడు. కాసేపటికి తేరుకున్నాడు. కానీ అమ్మ చెంచా పక్కన పెట్టేసింది.

ఆ తరవాత పట్టొద్దని ఎవరూ అనలేదు. మళ్ళీ ఎవరూ పట్టలేదు. డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చి అడిగితే, తాగాడని చెప్పింది అమ్మ. నాన్న తల తిప్పుకున్నాడు. నేను అక్కడే నిలబడి విన్నాను. నాకు నోరుంది, హిందీ వచ్చు, ఇరవై ఏళ్ళున్నాయి. ఏమీ మాట్లాడలేదు.

పిల్లాణ్ణి ఎక్కువసేపు ఎత్తుకున్నది నేనే. వరండా చివర కిటికీ దగ్గర అటూ ఇటూ నడిచాను. మర్నాడు పొద్దున్న కిటికీ బయట కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది. దసరాకి ముందు పాలపిట్ట కనిపిస్తే మంచిదంటారు కదా. పేరు లేకుండా పోతాడేమోనని నాకు భయమేసింది. వాడి చెవి దగ్గర నోరు పెట్టి "పాలపిట్టా" అని పిలిచాను. ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. ఒక్కసారే పిలిచాను.

ఆ మధ్యాహ్నమే నా చేతుల్లో పోయాడు.

వదినకి రక్తం చాలా పోయి, మళ్ళీ మళ్ళీ మత్తు సూదులిచ్చారు, ఆ సాయంత్రానికి గానీ పూర్తిగా తెలివి రాలేదు. ఆమె మంచం పై అంతస్తులో ఉంది. కళ్ళు తెరిచి పిల్లాడేడని అడిగితే, పుట్టేటప్పటికే ప్రాణం లేదని చెప్పింది అమ్మ.

"మరి ఏడుపు విన్నానే అత్తా."

"అది పక్క మంచం ఆవిడ గుంటడు."

వదిన పక్క మంచం వైపు చూసింది.  అన్నయ్యకీ అదే మాట చెప్పాం.

పిల్లాణ్ణి నేను, నాన్న సైకిలు మీద తీసుకెళ్ళాం. కాలనీ వాళ్ళ కంట పడకూడదని నాన్న దూరం తీసుకెళ్ళాడు. బిలాస్‌పూర్ రోడ్డు మీద మోవా అనే పల్లె దాటాక కుడివైపు వరిచేల గట్టు ఒకటి ఉంది. ఆ గట్టు మీద వెళ్తే ఒక ఇప్పచెట్టు. దాని వెనక తవ్వాం. కుక్కలు తవ్వకుండా రేగు కంప వేశాం. గుర్తు ఏమీ పెట్టలేదు. "ఈ చోటు ఎవరికీ చెప్పకు. మీ అన్నకి కూడా" అన్నాడు నాన్న. నేను చెప్పలేదు. నాన్న చెప్పాడంటే నేను నమ్మను, ఆయన అసలే మాట్లాడే మనిషి కాదు.

వదిన ఇంటికొచ్చింది. నవ్వడం సంగతి అలా ఉంచి, మాట్లాడటమే మానేసింది. పిలిస్తే పలికేది, అంతే. పాలు ఆగడానికి అమ్మ ఆమెకి గట్టిగా గుడ్డ కట్టేది. రోజుకి రెండుసార్లు ఆ గుడ్డ తడిసిపోయేది. అమ్మ దాన్ని తనే ఉతికేది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇలా నెల గడిచింది. దీపావళి ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున్న గౌరి ఈనింది. కోడెదూడ. తెల్లగా, నుదుటి మీద కాస్త గోధుమరంగు. లేచి నిలబడి, వెతుక్కుని తల్లి పొదుగు పట్టుకుంది. రెండు గుక్కలు లాగగానే ముక్కులోంచి పాలు కారాయి.

అమ్మ దాని నోరు తెరిచి చూసింది. వెంటనే పాక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నేను కూడా వంగి చూశాను. పై పెదవి బాగానే ఉంది. లోపల అంగిలి మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి చీలిపోయి ఉంది.

పశువుల డాక్టరుని తీసుకొచ్చాను. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడేవాడు. దూడల్లో ఇలా అప్పుడప్పుడూ పుడతాయని, రక్తంలో ఉండొచ్చని, చూడితో ఉన్నప్పుడు ఆవు ఏదైనా తినరాని మొక్క తిని ఉండొచ్చని, ఒక్కోసారి ఏ కారణమూ దొరకదని చెప్పాడు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేస్తుందని, నాలుగైదు రోజులు మించి బతకదని అన్నాడు. బుధరామ్ కూడా చూసి, "ఏ హ నఇ బాంచయ్, అమ్మా" అన్నాడు. ఇది బతకదు అని.

"వొదిలీండి. దాని కస్టం దాన్ని పడనీండి" అంది అమ్మ. ఆ గొంతు నేను ఆసుపత్రి వరండాలో విన్న గొంతే.

అప్పుడు వదిన పెరట్లోకి వచ్చింది. ఇంట్లోంచి బయటికి రావడం నెల రోజుల్లో అదే మొదలు. దూడని చూసింది.  లోపలికెళ్ళి తన ట్రంకు పెట్టె తెరిచి, బొబ్బిలి నుంచి వాళ్ళమ్మ పంపిన ఉగ్గుగిన్నె, చెంచా తెచ్చింది. గౌరి పాలు అందులోకి పిండమని నాకిచ్చింది. తను నేల మీద కూర్చుని, దూడ ముందరి భాగాన్ని ఒళ్ళోకి లాక్కుని, తల నిటారుగా తన భుజానికి ఆనించుకుంది.

ఆ తరవాత నేను చూసింది నా కళ్ళతో చూశాను. చెంచా అంచు బుగ్గ లోపలికి ఆనించింది. ఒక్కొక్క చుక్కే జార్చింది. మింగేదాకా ఆగింది. ముక్కులోంచి పాలొస్తే కొంగుతో తుడిచి, దూడని ముందుకి వంచి, మెడ వెనక రెండు వేళ్ళతో కింది నుంచి పైకి రాసింది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ అప్పటికే లేచి లోపలికి వెళ్ళిపోతోంది.

ఆ రోజు నుంచి వదిన పాకలోనే ఉండేది. గంటకోసారి పట్టేది. ఒక్కో విడతకి అరగంట పట్టేది. దూడ నాలుగో రోజు దాటింది, ఐదో రోజు దాటింది. ఒకసారి డాక్టరు అటుగా వచ్చి చూసి, "ఎవరు నేర్పారు బేటీ?" అని అడిగాడు. వదినకి అర్థం కాలేదు. నేను తెలుగులో చెప్పేలోపు మళ్ళీ చెంచా అందుకుంది.

వారం దాటాక ఒక సాయంత్రం నేను గడ్డి వేస్తున్నాను. వదిన పాకలో కూర్చుని దూడతో మెల్లగా ఏదో అంటోంది. ఆమె గొంతు విని చాలా రోజులైంది కదా, నేను ఆగి విన్నాను.

"ఇంకొక్క చుక్క. ఇది తాగేస్తే అయిపోయింది. తాగు పాలపిట్టా."

నా చేతిలో గడ్డి జారిపోయింది. పాలు తాగడానికి అంత కష్టపడే దూడకి ఆ పేరు ఎవరికైనా తట్టొచ్చు కదా అని ఆ రోజే నాకు నేను చెప్పుకున్నాను. దసరా వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు కూడా. ఇది మంచి కారణమే. ఇప్పటికీ నా దగ్గర ఉన్నది ఈ కారణమే. కానీ దూడకి పాలపిట్ట అని పేరు పెట్టినవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

దీపావళి వచ్చింది. అక్కడ ఆవులు కాసేవాళ్ళకి అది పెద్ద పండగ. నెమలీకలు పెట్టుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ వచ్చి ఆవుల మెడల్లో దండలు కడతారు. బుధరామ్ గౌరికి కట్టి, కాసేపు నిలబడి ఆలోచించి, దూడ మెడలో కూడా చిన్నది కట్టాడు. ఆ రోజు వదిన ముఖంలో ఏదో కదిలింది. నవ్వు అనను. దూడ అప్పటికి ఆమె అడుగు వినిపిస్తే చెవులు నిక్కించేది, పడుతూ లేస్తూ ఆమె వెనక పెరడంతా తిరిగేది. అన్నయ్య డ్యూటీ దిగొచ్చి, ఆ ఇద్దర్నీ గుమ్మంలోంచి చూస్తూ అన్నం తినడం మర్చిపోయేవాడు.

పదిహేడో రోజున దూడకి దగ్గు మొదలైంది. డాక్టరు సూదిమందు ఇచ్చాడు గానీ తల అడ్డంగా ఊపాడు. పందొమ్మిదో రోజు పొద్దున్న ఏడింటికి వదిన ఒళ్ళోనే పోయింది. ఆమె ఏడవలేదు. దాని ముక్కు తుడిచి, మెడ వెనక ఇంకా కాసేపు అలా రాస్తూనే కూర్చుంది.

చనిపోయిన పశువుల్ని తీసుకెళ్ళేవాళ్ళకి కబురు పెడతానంది అమ్మ. వద్దు, పాతిపెట్టాలంది వదిన. నేను ఒక తోపుడుబండి తెచ్చాను. దూడని గోనె పట్టాలో చుట్టి బండి మీద పెట్టాం. గడ్డపార, పార పట్టుకుని బుధరామ్ వచ్చాడు. ఆ రోజు అన్నయ్య, నాన్న ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. అమ్మ గౌరి దగ్గరే ఉండిపోయింది. వెళ్ళింది ముగ్గురం.

కాలనీ వెనక ఖాళీ స్థలం చూపించాడు బుధరామ్. వదిన ఆగలేదు. నేనూ బుధరామూ బండి తోస్తున్నాం, ఆమె ముందు నడుస్తోంది. రైల్వే గేటు దాటింది. బిలాస్‌పూర్ రోడ్డెక్కింది. ఆ రోడ్డు ఆమెకి తెలీదు. కాలనీ, బజారు, ఆసుపత్రి తప్ప రాయ్‌పూర్‌లో ఆమె చూసింది ఏమీ లేదు. "ఎక్కడికి వదినా?" అని రెండుసార్లు అడిగాను. "వస్తోంది" అంది.

మోవా ఇళ్ళు దాటాం. తిరగదులే, తిరగదులే అనుకుంటూ తోస్తున్నాను. వరి కోతలైన చేల మధ్య గట్టు దగ్గర ఆమె కుడివైపు తిరిగింది. బండి గట్టు మీద పట్టదు. దూడని నేను, బుధరామ్ చెరో పక్కా మోశాం. ఇప్పచెట్టు కనిపించింది. రేగు కంప లేదు, ఎవరో పొయ్యిలోకి ఏరుకుపోయి ఉంటారు. గడ్డి అంతటా ఒకేలా మొలిచి ఉంది. ఎక్కడ తవ్వామో నాకే సరిగ్గా తెలీలేదు.

బుధరామ్ ఒకచోట గడ్డపార ఎత్తాడు.

"సూర్యం, అక్కడ తవ్వొద్దని చెప్పు" అంది వదిన. "వాడికి తగుల్తుంది."

నేను బుధరామ్‌కి చెప్పలేకపోయాను. నోట్లోంచి హిందీ రాలేదు, తెలుగూ రాలేదు. నా ముఖం చూసి అతనే గడ్డపార దించి, పక్కకి జరిగాడు. నేను అక్కడే గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఎలా పుట్టాడో, ఎలా ఉన్నాడో, అమ్మ ఏమని అబద్ధం చెప్పిందో, నేనెలా చూస్తూ ఊరుకున్నానో.

వదిన నిలబడే విన్నది.

"ఎంతసేపున్నాడు?"

"మర్నాడు మధ్యాహ్నం దాకా."

"పాలు తాగాడా?"

"రెండు చెంచాలు."

ఆమె గోనె పట్టా మీద చెయ్యి వేసి కూర్చుంది.  "పశువుని పందొమ్మిది రోజులు ఉంచాను సూర్యం. వాణ్ణి నాకిచ్చుంటే..." ఆ మాట అక్కడితో ఆగిపోయింది. పూర్తి చేస్తే బాగుండును. ఇన్నేళ్ళుగా దాన్ని నేనే రకరకాలుగా పూర్తి చేసుకుంటున్నాను.

అప్పుడు ఏడ్చింది. బుధరామ్ తెలుగు ఏమీ అర్థం కాకపోయినా, తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తరవాత ఆమె చూపించిన చోట తవ్వి దూడని పెట్టాం. అక్కడ పార దిగుతుంటే మట్టి గట్టిగానే ఉంది. ఎవరూ ఎప్పుడూ తవ్వని నేల. మేము పిల్లాణ్ణి పెట్టిన చోటు దానికి రెండడుగుల అవతల, బుధరామ్ మొదట గడ్డపార ఎత్తిన చోటే అయ్యుండాలి.

ఇంటికొచ్చేసరికి అమ్మ పాకలో గౌరి పక్కనే ఉంది. మా ముఖాలు చూడగానే ఆమెకి తెలిసిపోయింది.

"ఒక్కసారి నా చేతికిచ్చుండాల్సింది అత్తా" అంది వదిన. అరవలేదు.

అమ్మ తల దించుకునే చెప్పింది. "గ్రేనం నాడు నిన్ను బైటికి పంపింది నేనే. ఊరంతా నిన్నే అంటారు గదమ్మా, మొర్రి గుంటణ్ణి కన్నాదని. నా వల్లే అయిందని నాను ఎవురికి సెప్పుకోను? ఆడు ఉండడు, నీకు తెలీకుండా పోతే సాలనుకున్నాను."

అది గ్రహణం వల్ల కాదమ్మా, డాక్టర్లు చెప్పారు కదా అని నేను అన్నాను. ఇద్దరూ నా వైపు చూడలేదు.

అన్నయ్యకి వదినే చెప్పింది. అన్నయ్య ఆ వారమే ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ పెట్టాడు. డొంగర్‌గఢ్ వెళ్ళిపోయారు. ఏడాదిపాటు అమ్మతో మాట్లాడలేదు. వదిన మాత్రం పండక్కీ పబ్బానికీ వచ్చేది, అమ్మ పక్కన కూర్చుని కూర తరిగిపెట్టేది. తరవాత వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఇద్దరూ చక్కగా ఉన్నారు. అమ్మ గౌరిని బుధరామ్‌కిచ్చేసింది. చనిపోయేదాకా మళ్ళీ పాలు ముట్టలేదు. టీ కూడా నల్లదే తాగింది.

ఇక నా పని తెగిన చోటు వెతకడం కదా, వెతికాను.

నాలుగేళ్ళ తరవాత బుధరామ్‌ని అడిగాను, ఆ రోజు బహూకి, అంటే మా వదినకి, ఆ దారి ఎలా తెలిసిందంటావని. అతను నన్ను వింతగా చూశాడు. బహూ ముందు ఎక్కడ నడిచింది, మనతోపాటే కదా బండి పక్కన వచ్చింది అన్నాడు. మరి ముందు ఎవరున్నారంటే, "గాయ్ హ ఆఘూ ఆఘూ రేంగత్ రిహిస్" అన్నాడు. ఆవే ముందు ముందు నడిచింది అని. గౌరి వెనకాలే వెళ్ళామట. అమ్మని అడిగాను. గౌరి ఆ పొద్దు గుంజ దగ్గర నుంచి కదల్లేదని, మేము తిరిగొచ్చేదాకా తను దాని మెడ మీద చెయ్యి వేసుకునే ఉన్నానని చెప్పింది.

వదినని అడగడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. డొంగర్‌గఢ్‌లో వాళ్ళింటి మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పాలు పట్టడం ఎలా తెలిసింది వదినా అన్నాను. ఆసుపత్రిలో మత్తులో ఉండగా నర్సు చెప్తుంటే వినబడిందంది. వరండా కింద ఉంది, నీ మంచం పైన ఉంది, ఆవిడ చెప్పింది హిందీలో కదా, నీకప్పుడు హిందీ రాదు కదా అన్నాను. "కాదు, తెలుగులోనే చెప్పింది" అంది. తెలుగులో ఆ మాటలు ఎవరూ చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను.

పేరు సంగతి అడిగితే, "నువ్వే పాకలో పిలిచేవాడివి, నిన్ను విని నేనూ పిలిచాను" అంది. నేను దూడని ఒక్కసారి కూడా పిలవలేదు. దాని దగ్గరికి వెళ్ళడానికే నాకు ధైర్యం ఉండేది కాదు.

ఆఖరికి ఆ దారి గురించి అడిగాను. ఆమె చేతిలో తడి చీర అలాగే పట్టుకుని, నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసింది.

"అదేటి సూర్యం అలాగడుగుతావు? ముందు నడిచింది నువ్వే కదా. బండి నేనూ బుధరామూ తోశాం. నీ వీపు చూసుకుంటూ వచ్చాను. ఎక్కడ ఆగుతావా అని చూశాను. నువ్వు ఆగిన చోట ఆగాను."

నా అరచేతుల్లో ఆ బండి పట్టె గీసుకున్న చారలు వారం రోజులు మండాయి. నాకు బాగా గుర్తు. ఆమె నాకు పది అడుగుల ముందు, నీలం చీరలో, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా నడిచింది.

వెళ్ళింది ముగ్గురం. పొద్దున్న ఎనిమిదిన్నర, మంచి ఎండ. ముగ్గురం మూడు చూశాం. దారి చూపించింది తనేనని మాలో ఒక్కరు కూడా అనడం లేదు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళింది ఎవరో నాకు తెలియలేదు, ఇక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.